వన్-నార్త్‌లో అడ్డచుట్ట

ఊరి నుంచి చుట్టాలొస్తే మనం ఎక్కడికి తీసుకెళ్తాం? మెర్లయన్ దగ్గర ఫోటో, సెంతోసాలో ఒక పూట, లిటిల్ ఇండియాలో గుడి, ఆపైన ముస్తఫాలో షాపింగ్. వన్-నార్త్‌కి మాత్రం ఎవరూ తీసుకెళ్ళరు. అక్కడ చూడ్డానికి ఆఫీసులు తప్ప ఏముంది గనక! కానీ 2023 చివర్లో మా అమ్మ రెండున్నర నెలలు మా ఇంట్లో ఉన్నప్పుడు సెంతోసాకి వెళ్ళింది ఒక్కసారి. వన్-నార్త్‌కి మాత్రం ఇంచుమించు రోజూ. ఎందుకో చెబితే నవ్వుకుంటారు. చుట్ట కాల్చుకోడానికి.

వన్-నార్త్ గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. బువోనా విస్టా దగ్గర 200 హెక్టార్లలో సింగపూర్ ప్రభుత్వ సంస్థ జేటీసీ కట్టించిన పరిశోధన, టెక్నాలజీ పట్టణం ఇది. 2001లో మొదలైంది. మాస్టర్ ప్లాన్ గీసింది ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ జహా హదీద్. 2003లో బయోపోలిస్, 2008లో ఫ్యూజనోపోలిస్, ఆ తర్వాత మీడియాపోలిస్ వచ్చాయి. 2011లో సర్కిల్ లైన్ రైలు కూడా వచ్చింది. పేరు ఎందుకలా పెట్టారో పిల్లలకు చెప్పండి, సరదాపడతారు. సింగపూర్ భూమధ్యరేఖకు దాదాపు ఒక డిగ్రీ ఉత్తరాన ఉంది, అందుకని 'వన్-నార్త్'. ఆ లెక్కన మా శ్రీకాకుళం జిల్లా 'ఎయిటీన్-నార్త్' అవుతుంది. మధ్యలో ఉన్న ఆ పదిహేడు డిగ్రీల దూరం దాటి అమ్మ ఇక్కడికొచ్చిందన్నమాట.

నేను కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి, హైదరాబాద్‌లో కొన్నాళ్ళు పనిచేసి, ఈ ఊరొచ్చి పద్ధెనిమిదేళ్ళయింది. ప్రస్తుతం ఫ్యూజనోపోలిస్‌లో ఒక క్లయింట్ దగ్గర కన్సల్టెంట్‌ని. ఇల్లు ఘిమ్ మోలో. ఆఫీసుకి నడిచి వెళ్ళొచ్చు. మాది కవిటి దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. చుట్టూ కొబ్బరి తోటలు, జీడి తోటలు, కాస్త దూరంలో సముద్రం. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. "రావే అమ్మా" అని పదేళ్ళుగా పిలుస్తుంటే ఇన్నాళ్ళకి కదిలింది.

ఫోన్‌లో మరీమరీ చెప్పాను, "అమ్మా, చుట్టలు మాత్రం తేకు. ఇక్కడ రూల్స్ వేరు" అని. "అలాగే బావూ" అంది. చాంగీ ఎయిర్‌పోర్టులో బయటికొచ్చే ముందు ఫోన్ చేసి, "మరేటి సెయ్యను, కట్ట తెచ్చినాను" అంది! సింగపూర్‌లో పొగాకుకి డ్యూటీ-ఫ్రీ మినహాయింపు లేదు. ఒక్క చుట్ట తెచ్చినా రెడ్ చానెల్‌లోకి వెళ్ళి చెప్పాల్సిందే. ఫోన్‌లో నేను ఇటు నుంచి చెప్తూ ఉంటే, తోటి ప్రయాణికుడైన ఒక తెలుగు కుర్రాడు ఆమెని కౌంటర్ దాకా నడిపించాడు. పాత నేత చీర ముక్కలో చుట్టిన ఆ ఇరవయ్యారు చుట్టలకి కట్టిన సుంకంతో మా ఊళ్ళో ఆవిడకి నెలల తరబడి సరిపోయేటన్ని చుట్టలొస్తాయి. ఆ మాట ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఆ నెలంతా అన్నం తినదు.

ఇంతకీ మా అమ్మ కాల్చేది మామూలు చుట్ట కాదు. అడ్డచుట్ట. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతా జిల్లాల వాళ్ళ కోసం, ముఖ్యంగా ఇక్కడ పుట్టిన పిల్లల కోసం చెప్తాను. చుట్టని ముందు అందరిలాగే వెలిగిస్తారు. నాలుగు దమ్ములు లాగి నిప్పు బాగా రాజుకున్నాక, బూడిద ఊదేసి, చుట్టని తిప్పి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటారు. పెదవులు బిగించి ఆరిన కొసని బయటికి ఉంచుతారు. చూసేవాళ్ళకి ఆవిడ చుట్ట కాలుస్తున్నట్టే ఉండదు, ఏదో పుల్ల పంటి కింద పెట్టుకున్నట్టు ఉంటుంది. దాన్నే అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల్లో ముసలమ్మలు తరతరాలుగా చేస్తున్న పని. గాలికీ వానకీ నిప్పు ఆరకుండా సముద్రం మీదికెళ్ళేవాళ్ళు మొదలెట్టారని కొందరంటారు. రెండు చేతులా పని చేసుకునే ఆడవాళ్ళకి బూడిద బట్టల మీద, చంకలో పిల్లల మీద పడకుండా అలా అలవాటైందని ఇంకొందరంటారు.

మన కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చుట్ట మహిమ మీద ఎంత లెక్చరిచ్చాడో మీకు గుర్తుండే ఉంటుంది. అదే విజయనగరం గడ్డ. కానీ గిరీశం లాంటి మగవాళ్ళ చుట్టకి నాటకంలో చోటు దొరికినంతగా, పొయ్యి పక్కన కూర్చుని నిప్పు నోట్లో దాచుకున్న మా అమ్మల చుట్టకి ఏ సాహిత్యంలోనూ చోటు దొరకలేదనిపిస్తుంది నాకు. నేను కూడా చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను గానీ ఒక్కరోజూ ఏమీ అడగలేదు.

అసలు సమస్య మొదటి రోజు సాయంత్రమే మొదలైంది. మా ఇంట్లో ఇండక్షన్ స్టవ్. అమ్మ వంటింట్లోకి వెళ్ళి, చుట్ట పట్టుకుని, స్టవ్ మొత్తం చుట్టూ చూసి, "నిప్పేది బావూ?" అంది. వంటగదిలో నిప్పే లేని ఇల్లు ఆవిడ డెబ్బై ఏళ్ళ జీవితంలో అదే మొదటిది. ఇంట్లో పిల్లుంది కాబట్టి లోపల కాల్చొద్దని మా ఆవిడ నెమ్మదిగా చెప్పింది. కారిడార్‌లో, కింద వాయిడ్ డెక్‌లో, బస్టాప్‌లో చట్టం ఒప్పుకోదు. పార్కుల్లో 2022 జూలై నుంచి నిషేధం. దొరికితే అక్కడికక్కడే 200 డాలర్ల జరిమానా. "మరెక్కడ కాల్చుకోమంటారర్రా, సముద్రంలోనా?" అని అడిగింది అమ్మ. అప్పుడు గుర్తొచ్చింది, మా ఆఫీసు వైపు ఒక బ్లాకు వెనక పసుపు గీత గీసిన స్థలం, మధ్యలో బూడిద డబ్బా. వన్-నార్త్‌లో పనిచేసే పొగరాయుళ్ళంతా చేరే చోటు.

అలా మా సాయంత్రం నడక మొదలైంది. ఘిమ్ మో మార్కెట్ పక్క నుంచి, బువోనా విస్టా స్టేషన్ దాటి, బయోపోలిస్ అద్దాల మేడల మధ్య నుంచి, చెట్ల కింద నుంచి ఫ్యూజనోపోలిస్ దాకా. నేత చీర, కాళ్ళకి హవాయి చెప్పులు, బొడ్లో చుట్ట, చేతిలో నేను కొనిచ్చిన అగ్గిపెట్టె. మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకుని పోయే జనం పక్కకి జరిగి దారిచ్చేవారు.

ఆ పసుపు గీతలోనే మాకు 'కుయా' తగిలాడు. మా ప్రాజెక్టులోనే పనిచేసే ఫిలిప్పీన్స్ పెద్దాయన. వాళ్ళ భాషలో కుయా అంటే అన్నయ్య, అందుకని టీమంతా అలాగే పిలుస్తాం. శుక్రవారం సాయంత్రం ఒక్క సిగార్, అంతే. వారంలో మిగతా రోజులు ముట్టడు. సిగార్ వెలిగించడం ఆయనకి ఒక చిన్న పూజ. నేను పొగ తాగను గానీ ఆ వెలిగించే పద్ధతి చూడటం నాకు ఇష్టం. ఎందుకంత తతంగమని ఒకసారి అడిగితే, "సగం రుచి ఆకుది, సగం రుచి అగ్గిపుల్లది" అన్నాడు.

ఆయన పద్ధతి ఇది. పెట్రోలు లైటర్ పనికిరాదు, ఆ వాసన ఆకుకి పట్టేస్తుంది. అగ్గిపుల్లయితే గీసిన వెంటనే దగ్గరికి తేకూడదు. తల భగ్గుమని మండి, ఆ గంధకం ఘాటు పోయాక, కర్ర మంట మిగిలినప్పుడు తేవాలి. అప్పుడైనా మంట సిగార్‌ని తాకకూడదు. కొసని మంటకి కాస్త పైన పట్టుకుని, నెమ్మదిగా తిప్పుతూ, అప్పడం కాల్చినట్టు అంచంతా సమంగా వేడెక్కించాలి. అంచు చుట్టూ ఎర్రటి ఉంగరం వచ్చాకే నోట్లో పెట్టుకోవడం. మంటలో నేరుగా పెట్టి గబగబా పీలిస్తే ఆకు మాడిపోతుంది. ఆ మాడు చేదు చాలాసేపు వదలదు. ఒక పక్కే అంటుకుంటే ఆ పక్కే కాలుతూ పోతుంది, రెండో పక్క పచ్చిగా ఉండిపోతుంది. వెలిగాక కూడా నిమిషానికి ఒక దమ్ము చాలు. తొందరపడితే నిప్పు వేడెక్కి పొగ చురుక్కుమంటుంది. మధ్యలో ఆరిపోతే బూడిద దులిపి, లోపల మిగిలిన పాత పొగని బయటికి ఊదేసి, అప్పుడు మళ్ళీ వెలిగించాలి. లేదంటే మసి రుచే.

ఇందులో మంత్రం ఏమీ లేదు, మామూలు రసాయన శాస్త్రమే. నిప్పు దగ్గర ఆకు మండుతుంది. దాని వెనకున్న ఆకు మండదు, వేడికి ఉడుకుతుంది. రుచీ వాసనా ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచి. ఆ పొగ మిగిలిన ఆకు గుండా నోటి దాకా ప్రయాణం చేస్తుంది. దార్లో చల్లబడుతుంది, కొంత తేమా తారూ ఆకులోనే దిగబడతాయి. అందుకే మొదటి దమ్ములు తేలిగ్గా ఉంటాయి, దిగబడినదంతా పోగయిన చివరి భాగం ఘాటుగా, చేదుగా ఉంటుంది. అంటే సిగార్ తాగేవాడి సరదా అంతా నిప్పుని తనకి దూరంగా ఉంచుకోవడంలోనే ఉంది.

మరి మా అమ్మ?

ఆ శుక్రవారం కుయా తన సిగార్ తిప్పుకుంటుంటే, అమ్మ పక్కన నిలబడి అగ్గిపుల్ల గీసి, నాలుగు దమ్ములు లాగి, బూడిద ఊది, చటుక్కున చుట్ట తిప్పి నిప్పుని నోట్లోకి తోసేసింది. పసుపు గీతలో ఉన్న నలుగురైదుగురు కుర్రాళ్ళు నోరు తెరిచేశారు. ఒకడు ఫోన్ తీయబోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణం 'ఈవిడ మా అమ్మ కాదు' అన్నట్టు ఒక అడుగు పక్కకి వేశాను.

కుయా మాత్రం సిగార్ పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, "నానాయ్!" అన్నాడు. వాళ్ళ భాషలో అమ్మా అని. తర్వాత నా వైపు తిరిగి, "మా లోలా కూడా ఇలాగే! నిప్పు లోపలికి!" అన్నాడు. లోలా అంటే అమ్మమ్మ. వాళ్ళ లుజోన్ దీవి పల్లెల్లో కూడా ముసలమ్మలు ఇలాగే కాలుస్తారట, 'బక్వే' అంటారట. అమ్మకి నేను తెలుగులో చెప్పగానే ముఖం ఇంత చేసుకుని, "ఈళ్ళకీ అడ్డపొగ తెల్సేటి!" అంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వాళ్ళిద్దరూ కలుసుకునేవాళ్ళు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. సైగలతో ఆకు సంగతి, వాన సంగతి మాట్లాడుకునేవాళ్ళు. నేను మళ్ళీ ఆ పక్కకేసిన అడుగు వెనక్కి వేశాను గానీ, వేసిన సంగతి నాకు గుర్తుంది.

ఒకరోజు కుయా నన్ను అడిగాడు, "అలా కాల్చితే రుచి ఎలా ఉంటుందో మీ అమ్మని అడుగు. మా లోలాని నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు ఆవిడ లేదు." నలభై ఏళ్ళు దాటినా నేనూ అడగలేదు. ఆ రాత్రి నడుచుకుంటూ వస్తూ అడిగాను.

"రుచేటి బావూ... ఎచ్చగా ఉంటాది. మగోళ్ళ సుట్ట సివరికొచ్చేసరికి సేదు. ఇది మొదలూ సివరా ఒకేలాగుంటాది" అంది. కాసేపాగి, మొదటిసారి ఎలా పెట్టిందో చెప్పింది. నేను పుట్టకముందు మాట. పన్ను నొప్పితో మూడు రాత్రులు నిద్ర లేదట. మా నాయనమ్మ తను కాలుస్తున్న చుట్ట తీసి ఇచ్చి, నిప్పు లోపలికి పెట్టుకోమందట. నొప్పి తగ్గింది, చుట్ట నిలిచిపోయింది. "తెల్లారగట్ల లేచి, పేడకళ్ళెత్తి, నీళ్ళు మోసి, అందరికీ వండి పెట్టినాక, పొయ్యి కాడ ఆ సుట్ట ఆరిందాకా నన్నెవులూ పిలవరు. అదీ రుచి" అంది.

ఆవిడ చెప్పిన 'మొదలూ చివరా ఒకేలా' అన్నది నిజమే. నిప్పు నోట్లో ఉంటే పొగ ఆకు గుండా రావాల్సిన పనిలేదు. గాలి మాత్రం బయటి కొస నుంచి ఆకు గుండా నిప్పుకి చేరుతుంది, పొగ నేరుగా నోట్లోనే పుడుతుంది. చల్లబడే దారి లేదు, ఆగే చోటు లేదు. పెదవుల తడికి చుట్ట నెమ్మదిగా కాలుతుంది. రెండు నిమిషాల్లో అయిపోయేది పద్ధెనిమిది నిమిషాల దాకా సాగుతుందని కొలిచినవాళ్ళు రాశారు. మా భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ అదే, డేటా అదే, ఒక్క పారామీటర్ తిరగేశాం. అవుట్‌పుట్ మొత్తం మారిపోయింది.

అవుట్‌పుట్‌లో రుచి ఒక్కటే ఉండదు కదా. ఆ సంగతి ఎత్తింది మా అమ్మాయి. స్కూల్లో హీట్ పాఠం జరుగుతోంది, ఇంట్లో దొరికిన ప్రతిదానికీ ఉష్ణోగ్రత అడుగుతోంది. "నాన్నా, నానమ్మ నోట్లో ఎన్ని డిగ్రీలు?" అంది. వెతికి చూస్తే, అడ్డపొగలో నోటి లోపల వేడి 120 డిగ్రీల దాకా పోవచ్చని 1960ల్లోనే కొలిచారు. "నీళ్ళు మరిగేది 100 కదా నాన్నా?" అని అది అలా నా ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 1960ల్లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధకులు, డాక్టర్ ఫలి మెహతా నాయకత్వంలో, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి దేశంలో ఐదు జిల్లాల్లో యాభైవేల మందికి పైగా పల్లె జనం నోళ్ళు పరీక్షించారు. ఆ ఐదు జిల్లాల్లో మాదొకటి. మా జిల్లాలో చూసిన పదివేల పైచిలుకు మందిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే, వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. అంగిలికి, అంటే నోటి పైకప్పుకి, క్యాన్సర్ రావడం మిగతా చోట్ల అరుదు. మా వైపు అది ఎక్కువగా కనబడటానికి కారణం ఈ అడ్డపొగేనని తేలింది. వైద్య పుస్తకాల్లో మా జిల్లా పేరు ఎందుకుందా అని చూస్తే, ఇందుకు! ఇంకో సంగతి కూడా చదివాను. ఆ బృందమే తర్వాత మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ళని ఏళ్ళ తరబడి కలిసి, మానమని చెప్తూ వచ్చింది. 1986లో ఫలితాలు ప్రచురించారు. మానినవాళ్ళలో, తగ్గించినవాళ్ళలో నోట్లో కొత్తగా మచ్చలు రావడం బాగా తగ్గింది. వాళ్ళు చేసినదాంట్లో ముఖ్యమైనది ఇంటికెళ్ళి, నోరు చూసి, మాట్లాడటం.

మరుసటి వారం అమ్మని పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎప్పటి నుంచో ఒక పన్ను కదులుతోంది, ఆ వంకతో. ఆ చైనీస్ డాక్టరమ్మ నోరు తెరిపించి, చిన్న అద్దం లోపల పెట్టి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నన్ను అడిగింది, "వీరు నిప్పు లోపలికి పెట్టి కాలుస్తారా? దీన్ని పుస్తకంలో ఫోటోలో చూశాను. మనిషిలో చూడటం ఇదే మొదటిసారి." చిన్న కెమెరాతో ఫోటో తీసి పక్కనున్న తెర మీద పెద్దగా చూపించింది. పాలిపోయిన తెల్లటి అంగిలి, మధ్యలో ఎర్రెర్రని చుక్కలు, ఒక పక్క గరుకైన మచ్చ.

అమ్మ తెర వైపు చూసి, "ఇది నా నోరేటి?" అంది.

నేను తలూపాను. "యాభై యేళ్ళుగా దీన్ని నేనెప్పుడూ సూడనేదు" అంది. నిజమే, ఎవరు చూస్తారు? మన అంగిలి మనకి కనబడదు. ఆ మచ్చని పరీక్ష చేయించాలని, ఈలోగా చుట్ట పూర్తిగా మానాలని డాక్టరమ్మ చెప్పింది.

తిరిగి బయోపోలిస్ మీదుగా నడిచాం. అక్కడ మేడల పేర్లు చదవడం మా అమ్మాయికి సరదా, నానమ్మకి కూడా నేర్పింది. జీనోమ్, ప్రోటియోస్, న్యూరోస్, ఇమ్యునోస్... ఆ రోజు అమ్మ ఆగి, "ఈ అద్దాల మేడల్లో ఏటి సేస్తారన్నావు?" అని అడిగింది. "జబ్బుల మీద పరిశోధన. క్యాన్సర్ లాంటివి" అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ ఏమన్నానో తెలియలేదు. అమ్మ మేడల మధ్య ఆకాశంలో వేసిన వంతెనల వైపు కాసేపు చూసి, "ఇంత మంది కూకుని సూస్తన్నారు. నాను ఒక్క అగ్గిపుల్ల మానితే సాలదేటి" అంది. ఇంకేమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక కట్ట విప్పి లెక్కపెట్టింది. పదకొండు మిగిలాయి. బకెట్ నీళ్ళలో ఒక్కొక్కటే ముంచి పారేసింది. డబ్బు పోసి కొన్నవి పారేస్తున్నప్పుడు ఆవిడ ముఖం చూడలేక నేను వేరే గదిలోకి వెళ్ళిపోయాను.

మానడం అనుకున్నంత సులువు కాలేదు. మొదటి పది రోజులు చిరాకు, తలనొప్పి, నిద్ర లేదు. మా ఆవిడ లవంగాలు, సోంపు డబ్బాలో వేసి చేతికిచ్చేది. సాయంత్రం నడక మాత్రం ఆపలేదు. ఆ వేళకి కాళ్ళు అటే లాగుతాయి కదా. కుయాకి సంగతి చెబితే, శుక్రవారం ఆవిడ వచ్చే వేళకి సిగార్ వెలిగించడం మానేశాడు. "పొగ లోపలికి పీల్చను కాబట్టి ఫర్వాలేదనుకుంటూ వచ్చాను" అన్నాడు. అది నిజం కాదు. పీల్చకపోయినా సిగార్ తాగేవాళ్ళకి నోటి క్యాన్సర్ ముప్పు ఉంది. ఆయన కూడా పళ్ళ డాక్టర్ దగ్గర టైము తీసుకున్నాడు. ఎంత పద్ధతిగా వెలిగించినా నిప్పు నిప్పే కదండీ.

ఇక్కడ ఒక వంటింటి సంగతి చెప్పాలి. అమ్మ వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో కూరల మీద గొడవ. ఆవిడకి ఏదీ చప్పగా ఉండేది. చేపల పులుసులో ఇంకాస్త ఉప్పు, ఇంకాస్త చింతపండు, ఇంకాస్త కారం. మా అమ్మాయి తినలేకపోయేది. పెద్దావిడ కదా అని మా ఆవిడ ఏమీ అనకుండా, ఆవిడకి విడిగా తీసి ఆవిడ చెప్పిన కొలతలో వేసేది. శ్రీకాకుళం నోరంతే అనుకున్నాం.

చుట్ట మానేసి నెల దాటాక ఒక ఆదివారం. ఘిమ్ మో మార్కెట్‌లో చేప తెచ్చాను. పులుసు, వేడి అన్నం. అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. మా అందరి చేతులూ ఆగిపోయాయి, నోట్లో మచ్చ మండిందేమోనని.

"ఉప్పెక్కువేసినావేటమ్మా?" అంది కోడలితో.

"మీరు రోజూ చెప్పేంతే వేశాను అత్తయ్యా" అంది మా ఆవిడ.

అమ్మ ఇంకో ముద్ద తిని చూసింది. మళ్ళీ చూసింది. "ఇన్నాళ్ళూ ఇదే తింటన్నానేటి?" అంది. మా అమ్మాయి కిసుక్కున నవ్వింది, ఆవిడా నవ్వింది. మా ఆవిడ మాత్రం నీళ్ళు తెచ్చే వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

ఏ రకంగా వెలిగిస్తే చుట్ట రుచి ఎలా మారుతుందో అన్న కుయా పాఠంతో మొదలైంది నా ఆసక్తి. అడ్డంగా వెలిగించిన ఆ చుట్ట యాభై ఏళ్ళలో మిగతా రుచులన్నిటినీ ఎంత తినేసిందో ఆ పులుసు ముద్దతో తెలిసింది.

అమ్మ తిరిగి ఊరెళ్ళాక విశాఖలో మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ కాదు. కానీ కణాల్లో మార్పు మొదలైందన్నారు. ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. ఇప్పటికీ చూపించుకుంటోంది. ఎర్ర చుక్కలు తగ్గాయి, మచ్చ మాత్రం ఉంది. మధ్యలో రెండుసార్లు మళ్ళీ కాల్చింది. ఒకటి సంక్రాంతికి అక్కచెల్లెళ్ళందరూ పొయ్యి దగ్గర చేరినప్పుడు, ఇంకోటి మా పిన్ని పోయినప్పుడు. రెండుసార్లూ తనే ఫోన్ చేసి చెప్పింది. నేను తిట్టలేదు. "రుచెలాగుంది?" అని అడిగాను. "మాడు రుచి బావూ" అంది.

మీలో ఉత్తరాంధ్ర వాళ్ళుంటే ఒక మనవి. ఈసారి ఊరెళ్ళినప్పుడో, అమ్మలు అమ్మమ్మలు ఇక్కడికొచ్చినప్పుడో, సిగ్గుపడకుండా, కోప్పడకుండా ఒక్కసారి నోరు తెరవమని అడిగి, ఫోన్ టార్చి వేసి పైన అంగిలి చూడండి. తెల్లమచ్చలు, ఎర్రచుక్కలు, మానని పుండు కనిపిస్తే డాక్టర్‌కి చూపించండి. లెక్చర్ ఇవ్వకండి. ఆ ఫోటో వాళ్ళకే చూపించండి, చాలు. అంతకంటే ముందు, ఆ పొయ్యి దగ్గర పది నిమిషాలు వాళ్ళ పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. మా అమ్మ చుట్టలో వెతుక్కున్నది సగం అదేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

కుయా ఇప్పటికీ మా టీమ్‌లోనే ఉన్నాడు. సిగార్ శుక్రవారాలు తగ్గి పండగలకి మాత్రం మిగిలాయి. "నానాయ్ ఎలా ఉంది?" అని సోమవారం సోమవారం అడుగుతాడు. వచ్చే డిసెంబరులో అమ్మ మళ్ళీ వస్తానంటోంది. రెడ్ చానెల్ పని లేదట, ఈసారి మూటలో ఎండుచేపలు మాత్రమే తెస్తుందట. వాటికి ఇక్కడ రూల్స్ ఏమిటో కనుక్కునే పని మా అమ్మాయికి అప్పజెప్పాను.